విద్యాపీఠ సేవకుల సన్మానము
(నాగావి శాసనము మొదలు పాలమూరు విశ్వవిద్యాలయము వరకు)



మన సంఘ వార్షిక మహాసభలయందు ప్రార్థనయు, స్వాగతోపన్యాసమును, తీర్మానములును ముగిసిన పిమ్మట తప్పక జరుగు కార్యమొకటి కలదు. అది సన్మానము. ఒక పెద్దను వేదికపైకి ఆహ్వానించి, పూలహారము వేసి, శాలువ కప్పి, సన్మానపత్రము చదివి, కరతాళధ్వనుల నడుమ కూర్చుండబెట్టుట మనకు అలవాటు. ఈ అలవాటు మంచిదే. గుణమును గుర్తింపని సంఘమున గుణవంతులు కరవగుదురు. కాని సభ ముగిసి, పందిరి విప్పిన మరునాడు ఒక బాలుడు వచ్చి, "నిన్న సన్మానము పొందిన వారు చేసిన పని యేమి?" అని అడిగినచో బదులు చెప్పగలవారు మనలో ఎందరుందురు? వారి పదవి చెప్పగలము, బిరుదు చెప్పగలము, సేవ యేమో చెప్పజాలము.

విశ్వవిద్యాలయములందు పనిచేసి వన్నెకెక్కిన వారిని గౌరవింపవలెనను కోరిక నేడు అన్ని సంఘములలోను పెరుగుచున్నది. కనుక విద్యాపీఠములలో సేవచేసిన వారిని మన పూర్వులు ఎట్లు గుర్తించిరి? నిజాము ప్రభుత్వమున ఎట్లు గుర్తించిరి? స్వతంత్ర భారతమున ఎట్లు గుర్తించుచున్నారు? ఈ మూడు ప్రశ్నలను చరిత్రదృష్టితో పరిశీలించి, అందుండి మనము నేర్వదగిన పాఠమును విన్నవించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

మక్తలు సీమ

ఈ పరిశీలనకు మక్తలు సీమయే తగిన ఆరంభస్థానము. పడమటి ఆంజనేయస్వామి క్షేత్రముగా ప్రసిద్ధి కెక్కిన మక్తలు పట్టణము కృష్ణానదికి ఉత్తరపు దరిని, తెలుగు కన్నడములు ఒకదాని నొకటి ఒరసికొను చోట వెలసియున్నది. నిజాము కాలమున ఇది మహబూబునగరు జిల్లాలో నొక తాలూకా. 2019వ సంవత్సరమున నారాయణపేట జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. ఇచ్చటి సంతలలో నేటికిని రెండు భాషలు వినవచ్చును. దక్షిణమునకు పోయిన రాయచూరు, వాయవ్యమునకు పోయిన యాద్గీరు. నేడు వీనికిని మనకును నడుమ రాష్ట్రపు సరిహద్దు కలదు గాని, అది 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన గీయబడినది. అంతకుముందు మక్తలును, రాయచూరును, గుల్బర్గాయు ఒకే హైదరాబాదు రాజ్యమున నుండినవి. అందుకును ముందు కల్యాణి చాళుక్యుల యేలుబడిలో ఈ సీమయంతయు ఒకే నాడుగా మెలగినది. కావున ఆ చాళుక్యుల నాటి విద్యాపీఠముల చరిత్ర కన్నడ సోదరులదెంతో మనదియు నంతియే.

శాసనముల సాక్ష్యము

యాద్గీరు దాటి మరికొంత దూరము పోయిన చిత్తాపురము వచ్చును. దాని చెంత నాగావి యను ప్రాచీన గ్రామము కలదు. క్రీ.శ. 1058వ సంవత్సరమున, త్రైలోక్యమల్ల బిరుదాంకితుడైన మొదటి సోమేశ్వరుడు రాజ్యము చేయుచుండగా, ఆతని దండనాయకుడగు మధుసూదనుడు ఇచ్చట ఆలయమును, దానికనుబంధముగా ఘటికాస్థానమును నెలకొల్పెను. ఘటికాస్థానమనగా ఆ కాలపు ఉన్నత విద్యాపీఠము. అందు వేదము చదువు విద్యార్థులు 200 మంది, శాస్త్రములు చదువువారు 52 మంది. వేదమునకు ముగ్గురు, శాస్త్రములకు ముగ్గురు ఉపాధ్యాయులు. ఇంతవరకు ఏ విద్యాలయపు శాసనమందైనను ఉండదగినదే. కాని ఈ శాసనము ఇచ్చట ఆగలేదు. ఆరుగురు "సరస్వతీ భండారికుల"ను కూడ పేర్కొన్నది. సరస్వతీ భండారికులనగా పుస్తకభాండాగారమును కాపాడువారు, నేటి మాటలో గ్రంథాలయోద్యోగులు.

చదువరులు ఈ లెక్కను ఒకింత మనసున నిలుపుడు. బోధించువారు ఆరుగురు; పుస్తకములు కాపాడువారును ఆరుగురే. తాటియాకు పుస్తకమునకు పురుగు పట్టును, చెమ్మ తగులును, నూనె పూయవలెను, చివికిన ఆకును తిరిగి వ్రాయించవలెను. ఈ పని చేయువాడు లేనిచో ఉపాధ్యాయుని విద్య ఆతనితోడనే అంతరించును. ఈ సంగతిని ఆ దండనాయకుడు ఎరుగును. అందుచేత భాండాగారికుని రాతిపై చెక్కించెను. వేయి సంవత్సరముల కిందట ఒక సేనాని చేసిన ఈ గుర్తింపు, మన సీమకు ఇంత చేరువను ఉండియు, మనలో పెక్కురకు తెలియకుండుట విచారకరము.

అంతకంటె నొక శతాబ్దము ముందరిది బిజాపురము జిల్లాలోని సాలోటిగి శాసనము. క్రీ.శ. 945వ సంవత్సరమున రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని మంత్రియైన నారాయణుడు ఇచ్చట విద్యాశాలను కట్టించెను. దూరదేశముల నుండి వచ్చు విద్యార్థులకు 27 వసతిగృహములు ఉండినవట. ప్రధానోపాధ్యాయునకు ప్రత్యేకముగా 50 నివర్తనముల భూమి. ఇది యంతయు మంత్రి యిచ్చినది. గ్రామస్థులును ఊరకుండలేదు. ఊరిలో పెండ్లి జరిగినచో 5 నాణెములు, ఉపనయనము జరిగినచో 2½, పుట్టువెంట్రుకలు తీయించినచో 1¼ చొప్పున శాలకు చెల్లింపవలెనని కట్టుబాటు చేసికొనిరి. ఏటికొక్క మారు కాదు, ప్రతి శుభకార్యమునను గురువును తలచుకొనుట యన్నమాట. ఇది కదా నిలుకడగల సన్మానము!

మూడవది తెలుగునాటి మధ్యభాగమున కలదు. నేడు ఆంధ్రప్రదేశ సచివాలయమున్న వెలగపూడికి సమీపముననే మల్కాపురము. క్రీ.శ. 1261వ సంవత్సరమున కాకతి రుద్రమదేవి, తన తండ్రి గణపతిదేవుడు వాగ్దానము చేసిన మందర గ్రామమును వెలగపూడితో చేర్చి, గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునకు దానమొసగెను. ఆ ఆచార్యుడు దానిని తనకై దాచుకొనక, ఆలయము, మఠము, విద్యార్థిశాల, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రము ఏర్పాటు చేసి, ఎవరి కెంత భాగము చెల్లవలెనో శిలాశాసనమున లిఖింపించెను. ఋగ్యజుస్సామవేదములకు ముగ్గురు ఉపాధ్యాయులు; పద, వాక్య, ప్రమాణ, సాహిత్య, ఆగమములు చెప్పుటకు ఐదుగురు; ఒక వైద్యుడు; లెక్కలు వ్రాయు కాయస్థుడొకడు; వంటవారు; కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి మొదలగు వృత్తులవారు. వీరందరును ఆ శాసనమున స్థానము పొందిరి.

ఈ మూడు శాసనములును చెప్పునది ఒక్కటియే. పూర్వుల దృష్టిలో విద్యాపీఠమనగా బోధకులు మాత్రమే కాదు. పుస్తకము కాచువాడు, పద్దు వ్రాయువాడు, అన్నము వండువాడు కూడ అందు అంగములే. వారిని గౌరవించుటయనగా పొగడ్త కాదు: చేయు పనిని పేర్కొనుట, దానికి జీవనోపాధి కల్పించుట, దానిని చెడిపోని రాతిపై నుంచుట. ఈ మూడును కూడినప్పుడే అది గౌరవమనిపించుకొనెను.

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. ఈ ఘటికల లోపలి వేదశాస్త్ర విద్య దేశములోని అత్యధికుల బిడ్డలకు అందలేదు. మల్కాపురపు అన్నసత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలెనని శాసనము విధించినది గాని, పాఠశాల వాకిట అట్టి విధి కానరాదు. అన్నమునకు తెరచిన తలుపు అక్షరమునకు తెరచుకొనుటకు ఏడు శతాబ్దములు పట్టినది. పూర్వుల మంచిని గ్రహింతము. వారి కొరతను మరవకుందము.

ఉస్మానియా విశ్వవిద్యాలయము: తర్జుమా శాఖ

ఇక మన తాతల కాలమునకు వత్తము. హైదరాబాదు రాజ్యమున ఉన్నత విద్యకై అక్బరు హైదరీ సమర్పించిన విన్నపమును ఆమోదించి, 1917వ సంవత్సరమున ఏడవ నిజాము ఫర్మానా జారీచేసెను. మరుసటి యేడు ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడినది. దేశభాష యొకటి బోధనాభాషగా ఇంత పెద్ద యత్నము అంతకుముందు భారతదేశమున జరిగియుండలేదు. ఆ భాష ఉర్దూ యగుటచేత, తెలుగు, మరాఠీ, కన్నడములు మాటలాడు అత్యధిక ప్రజలకు అది పరభాషయే యైనది. ఈ లోపము చరిత్రకారులందరును ఎరిగినదే. ఇప్పుడు మన దృష్టి దానిమీద కాదు, ఆ యత్నమును మోసిన వారిమీద.

పాఠము చెప్పవలెనన్న పుస్తకము కావలెను. భౌతికము, రసాయనము, న్యాయము, వైద్యము, యూరపు చరిత్ర, వీని కన్నిటికి ఉర్దూలో పుస్తకములేవి? అందులకై 1917లోనే దారుల్ తర్జుమా యను అనువాదశాఖ నెలకొల్పబడినది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి అధిపతి. అనువాదకులు ఒక్కొక్క శాస్త్రపదమునకు సరియైన మాటకై పండితులతో కూర్చుండి చర్చించిరి. పారిభాషిక పదములను కల్పించు విధానముపై వహీదుద్దీన్ సలీము ప్రత్యేకగ్రంథమునే రచించెను. ఇట్లు వందలకొలది గ్రంథములు తయారైనవి. 1948 తరువాత బోధనాభాష ఆంగ్లమునకు మారగా ఆ శాఖ మూతపడెను.

ఇంతటి శ్రమకు గుర్తింపు ఎట్లుండెను? ఆ రాజ్యమున బిరుదులకు కొరత లేదు. జంగు, దౌలా, ముల్కు అను బిరుదులు దర్బారున వెలువడుచుండెను. విశ్వవిద్యాలయమునకు దారితీసిన హైదరీ హైదర్ నవాజ్ జంగు ఆయెను. తొలి ఉపాధ్యక్షుడైన హబీబుర్రహమాన్ ఖాన్ షేర్వానీ సద్ర్ యార్ జంగు ఆయెను. పెద్ద పదవికి పెద్ద బిరుదు. అబ్దుల్ హఖ్‌ను ప్రజలు ప్రేమతో "బాబాయె ఉర్దూ" అని పిలిచిరి. కవి జోష్ మలీహాబాదీ ఈ శాఖలో కొన్నియేండ్లు పనిచేసెను. 1954లో ఆతనికి పద్మభూషణము లభించినది కవితకు గాని, అనువాదకుని బల్లకు కాదు. ఆ బల్లల ముందు కూర్చుండి, ప్రతులు సరిచూచి, శుద్ధప్రతి వ్రాసి, అచ్చుతప్పులు దిద్దిన చిన్న యుద్యోగుల సంగతి యేమి? దర్బారు జాబితాలలో వారికి చోటు లేదు. ఏరు దాటిన పిమ్మట తెప్ప తగులబెట్టినట్లు, భాష మారగానే వారి శ్రమయు మరుగునపడినది.

నక్షత్రములను కొలిచినవారు

ఉస్మానియాకు చెందిన మరియొక సంస్థ కథ ఇంతకంటె హృదయమునకు తగులును. నవాబు జఫర్ జంగు 1901వ సంవత్సరమున హైదరాబాదులోని ఫిసల్‌బండలో ఖగోళ వేధశాలను ఏర్పాటు చేసెను. ఆయన మరణానంతరము 1908లో ప్రభుత్వము దానిని స్వీకరించినది. పిమ్మట అది బేగంపేటకు మారినది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరినది. నిజామియా వేధశాల యని దానికి పేరు.

1887లో పారిసు నగరమున కూడిన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఆకాశమంతటిని భాగములుగా పంచుకొని, ఛాయాచిత్రములు తీసి, నక్షత్రముల స్థానములను పట్టికగా కూర్ప నిశ్చయించిరి. లోకములోని సుమారు ఇరువది వేధశాలలు ఈ భారమును పంచుకొన్నవి. అందొక భాగము మన హైదరాబాదుది. చాట్‌వుడ్, పోకాక్, అటుపిమ్మట 1918 నుండి 1944 వరకు టి. పి. భాస్కరన్, ఈ మువ్వురి నిర్వహణమున ఆ పని సాగెను. మొదట ఖగోళమధ్యరేఖకు దక్షిణమున 17 అంశల నుండి 23 అంశల వరకుగల పట్టీని, పిదప ఉత్తరమున 36 నుండి 39 అంశల పట్టీని కూడ పూర్తిచేసి, 12 సంపుటములుగా ప్రచురించిరి.

ఈ పని యెట్టిదో మన రైతు సోదరులకు తెలియునట్లు చెప్పెద. రాత్రి దుర్భిణి నాకాశమువైపు నిలిపి గాజుపలకపై ఛాయ తీయవలెను. పగలు ఆ పలకను సూక్ష్మదర్శని కింద నుంచి, గళ్లమీద ప్రతి చుక్కయు అడ్డముగా ఎంత, నిలువుగా ఎంత యని కొలిచి వ్రాయవలెను. ఒక పలకమీద వందలకొలది చుక్కలు. పట్టిక యంతటిలో లక్షలకొలది నక్షత్రములు. కన్ను చెదరరాదు, అంకె తప్పరాదు. కంకులోని గింజలను ఒక్కొక్కటిగా ఎంచి పొలమంతటి పంటను లెక్కించుట వంటిది! ఆ పట్టికల వలన లాభమేమి యందురా? నూరేండ్ల కిందటి స్థానమును నేటి స్థానముతో పోల్చినప్పుడే నక్షత్రపు నడక తెలియును. అందుచేత అప్పటి కొలత నేటికిని శాస్త్రజ్ఞులకు పనికివచ్చినది. ముఖపత్రములమీద అధిపతుల పేర్లు నిలిచినవి. చూపునంతయు ధారపోసి కొలిచినవారు లోకము నోట మెదలరు.

ఈ వేధశాలలో పనిచేసిన యొక యుద్యోగి కుమారుడే వేణు బాప్పు. తండ్రి వెంట చిన్ననాటనే దుర్భిణికి అలవాటుపడి, నిజాము కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనముతో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయెను. 1949లో ఒక తోకచుక్కను కనుగొని పతకమందెను. దానికి బాప్పు-బోక్-న్యూకర్క్ అని పేరు వచ్చినది. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడై 1982లో కాలధర్మము చెందెను. 1986లో కావలూరులోని మహాదుర్భిణికి ఆయన పేరు పెట్టిరి. కుమారుని పేరు ఆకాశమున తోకచుక్కకును, భూమిపై దుర్భిణికిని నిలిచినది. అది న్యాయమే. కాని ఆ బాలుని చేయి పట్టి దుర్భిణి చెంతకు తీసికొనిపోయిన వేధశాల యుద్యోగులను, వారు చేసిన దినదిన సేవను, ఎవరు సన్మానించిరి?

తెలుగు శాఖాచార్యులు

ఉర్దూ విశ్వవిద్యాలయమున తెలుగు దీపమును వెలిగించినవారిలో రాయప్రోలు సుబ్బారావుగారు అగ్రగణ్యులు. నవ్యకవిత్వమునకు ఆద్యులలో నొకరై, "తృణకంకణ" కర్తయై ప్రసిద్ధులైన వారు ఉస్మానియాలో తెలుగు బోధించిరి. "మిశ్రమంజరి"కి 1965లో సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. అదియు కావ్యమునకు వచ్చినదే. పరభాషా వాతావరణమున తెలుగు బిడ్డలకు మాతృభాషపై మక్కువ నిలిపిన బోధకునకు వేరుగా పురస్కారమేదియు లేదు. వారి పిమ్మట ఖండవల్లి లక్ష్మీరంజనముగారు ఆ శాఖకు పెద్దయై, "సంగ్రహాంధ్ర విజ్ఞానకోశ"మునకు ప్రధానసంపాదకత్వము వహించిరి.

ఓరుగల్లు సీమలో దేవనూరున 1925లో జన్మించిన బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియాలో తెలుగు జానపదగేయ సాహిత్యముపై పరిశోధించి పట్టమందిరి. పండితులు తక్కువగా చూచిన పల్లెపాటను విశ్వవిద్యాలయపు గద్దెనెక్కించినది వారి సేవ. 1995లో భారత ప్రభుత్వము వారిని జాతీయాచార్యులుగా గౌరవించినది. ఈ పదవి 1949లో ఏర్పడినది. మొదట పొందినవారు సర్ సి. వి. రామన్. ఇందొక విశేషము గమనింపుడు. జాతీయాచార్య పదవి ఒకనాటి శాలువ కాదు. పని సాగించుటకు జీవనభృతి నిచ్చునది. నాగావి, మల్కాపురముల ధర్మమునకు ఇది దగ్గర.

మన పాలమూరు బిడ్డడు సురవరము ప్రతాపరెడ్డిగారి కథ వేరు. వారు విశ్వవిద్యాలయాచార్యులు కారు. కాని నగరమునకు చదువవచ్చిన పల్లె విద్యార్థులకు నీడయైన రెడ్డి వసతిగృహమున సేవచేసిరి. రాజబహదూరు వేంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో, అనగా ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడిన యేటనే, ఆ గృహము ఏర్పడుట గమనింపదగినది. విశ్వవిద్యాలయము ద్వారము తెరచిన చాలదు. ద్వారము చేరువరకు అన్నము, నీడ కావలెను. ఆ పని సంఘముల వసతిగృహములు చేసినవి. ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, ఆంధ్రుల సాంఘిక చరిత్రమును రచించి, 1953లో స్వర్గస్థులైరి. 1955లో తెలుగున మొట్టమొదటి సాహిత్య అకాడమి పురస్కారము ఆ గ్రంథమునకు వచ్చినది. పురస్కారము వచ్చునాటికి అందుకొను చేయి లేదు. "చచ్చినవాని కండ్లు చారెడు" అను సామెత మన జాతికి పట్టిన యొక జబ్బును చెప్పునది. ఉన్నప్పుడు కానని వెడల్పు పోయిన పిమ్మట కానవచ్చును.

పేరు పెట్టుట

ఇటీవలి కాలమున విద్యాసేవకులను స్మరించు మరియొక పద్ధతి భవనములకు వారి పేరు పెట్టుట. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తొలి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డిగారు 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా పదవి విడిచి, 1936లో తిరిగి ఎన్నికై 1949 వరకు దానిని పెంచిరి. స్నాతకోత్సవ మందిరము వారి పేరనున్నది. గ్రంథాలయము వి. ఎస్. కృష్ణగారి పేరనున్నది. మన వైపున, 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయమును, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమును రూపొందించిన ఆచార్య జి. రామరెడ్డిగారి పేర ఉస్మానియాలో దూరవిద్యాకేంద్రము కలదు. కొలువు చేసికొనుచు, సేద్యము చేసికొనుచు, ఇల్లు దిద్దుకొనుచు ఇంటనుండియే పట్టభద్రులైన వారు మన తాలూకాలో ఏ వీథిని చూచినను అగపడుదురు. వారందరు ఆ పేరునకు ఋణపడియున్నారు. అట్లే పాఠములు అచ్చువేసి, కట్టలు కట్టి, టపాలో పంపి, ఆదివారము అధ్యయనకేంద్రము తలుపు తెరచిన అజ్ఞాత సేవకులకును ఋణపడియున్నారు. మొదటి ఋణము గోడమీద వ్రాసికొంటిమి. రెండవది ఎచ్చట వ్రాసికొంటిమి?

2008వ సంవత్సరమున మహబూబునగరమున పాలమూరు విశ్వవిద్యాలయము స్థాపింపబడుటతో, వలసకును కరవునకును పేరుపడిన జిల్లాకు సొంత విద్యాపీఠము దక్కినది. ఒకనాడు హైదరాబాదు చేరినగాని ఉన్నత విద్య యెరుగని మక్తలు బిడ్డకు, ఇప్పుడు ప్రొద్దున బయలుదేరి ప్రొద్దుగుంకకముందు ఇల్లు చేరు దూరమున అది కలదు. దాని వయస్సు ఇంకను చిన్నది. ఇప్పుడచ్చట పనిచేయువారే దాని మొదటి తరము. నాగావికి మొదటి భండారికులెట్లో, పాలమూరునకు వీరట్లు. ఇప్పుడు వ్రాసికొనకున్నచో, నూరేండ్లకు మన మనుమలు వీరిని గూర్చియు "ఎవరో యుండిరట" అని చెప్పుకొందురు.

సంఘమునకు విన్నపము

ఈ చరిత్రనుండి తేలిన సారమును నాలుగు మాటలలో విన్నవించెద.

మొదటిది: సన్మానము పదవికి కాక పనికి జరుగవలెను. సన్మానపత్రమున విశేషణములు తగ్గించి, ఫలానివారు ఫలానియేట ఫలాని పని చేసిరి, దానివలన ఇంతమందికి ఇట్టి మేలు కలిగినది అని వ్రాయవలెను. చంద్రునితోడను, సూర్యునితోడను పోల్చు పత్రమును ఎవరి పేరనైనను చదువవచ్చును. పని వ్రాసిన పత్రము ఒక్కరికే చెల్లును.

రెండవది: ఆచార్యులతోపాటు గ్రంథాలయోద్యోగిని, ప్రయోగశాల సహాయకుని, పరీక్షాశాఖ గుమాస్తాను, వసతిగృహపు వంటవారిని గూడ ఎన్నుకొనవలెను. నాగావిలో ఆరుగురికి ఆరుగురు. ఆ నిష్పత్తి మనకు సిగ్గు కలిగింపవలెను. జాతీయాచార్య పదవి మొదలగు మర్యాదలు బోధకులకు, పండితులకు ఉద్దేశింపబడినవి. మిగిలినవారి సంగతి సంఘములైనను చూడవలదా?

మూడవది: వారు కన్నులార చూచుచుండగనే, చెవులార వినుచుండగనే గౌరవింపవలెను. శాలువతో సరిపుచ్చక, వారి పేర ఒక పేద విద్యార్థికి వేతనమో, వారు కాపాడిన గ్రంథాలయమునకు పుస్తకములో ఏర్పాటు చేయవలెను. సాలోటిగి గ్రామస్థులవలె పెండ్లికింత యని మనమును కట్టుబాటు చేసికొన్నచో అది కష్టము కాదు. మన పెండ్లిండ్లలో బాణసంచాకగు వ్యయమున పదియవ పాలు చాలును.

నాల్గవది: గౌరవమునకు కులము హద్దు కారాదు. ఈ మాట కులసంఘపు సంచికలో వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన బిడ్డలకు పాఠము చెప్పినవారు, పుస్తకమందించినవారు, అన్నము పెట్టినవారు అందరును మన కులమువారేనా? మన బిడ్డను పైకి తెచ్చిన పరాయివానిని మనము సన్మానించిననాడే మన సంఘము పెద్దదగును. తనవారినే పొగడుకొను సభ అద్దము ముందు నిలుచున్నవానివంటిది. తన ముఖము తప్ప దానికి వేరేమియు కానరాదు.

నాగావి దండనాయకుని సైన్యము పోయినది, చాళుక్యుల సింహాసనము పోయినది, ఘటికాస్థానమును పోయినది. పుస్తకములు కాచిన ఆరుగురి ప్రస్తావన నేటికిని రాతిపై నున్నది. మనకు రాయి లేకున్నను ఈ సంచిక కలదు. వచ్చు మహాసభ నాటికి, మన తాలూకా బిడ్డలు చదివిన విద్యాపీఠములలో మూలనుండి సేవచేసిన ఒక్కరి పేరు, వారు చేసిన పని, వారి యనుమతితో ఈ పుటలలో అచ్చగునుగాక! అంతకంటె పెద్ద శాలువ లేదు.

సర్వే జనాః సుఖినో భవన్తు.